మూడు జీడిచుక్కలు

"తాండూరు బండ ఏపిచ్చిన అన్నా. ఎండకాలం పంక గూడ అక్కర లేదు" అన్నాడు మా చిన్నాయన కొడుకు. వికారాబాదులో కట్టుకున్న కొత్త ఇంటి నడిమింట్లో నిలబడి, అరికాలితో నేలను రుద్ది మరీ చూపించాడు. వచ్చిన చుట్టాలంతా చెప్పులు విప్పి, ఆ చల్లదనానికి ఆహా ఓహో అనుకుంటూ తిరిగారు. నాకు ఆ బండల మీద కాలు పెట్టాలంటే ఒళ్ళు మండుతుంది. మావాళ్ళు దాన్ని నా వయసుతో వచ్చిన చాదస్తం కింద జమకట్టేశారు. వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు.

పెరట్లో ఆ బండలు పరిచిన మేస్త్రీ భోంచేస్తున్నాడు. తాండూరు వాడని తెలిసి పక్కన కూర్చున్నాను. "కంపెనీ కాంపౌండుల ఒక సాకలామె ఉండె, గాడిద మీద మూటలేసుకోని కాగ్నా వాగుకు పోతుండె. ఉన్నదా?" అని అడిగాను.

"ఆమెనా? పోయిన ఎండకాలమే పాయె సారు. పొద్దుగాల రేవుకు పోయి బండ మీదనే ఒరిగిందంట" అని చెప్పి, అతను మజ్జిగ పోయించుకున్నాడు.

ఆమె పేరు నాకు తెలుసు. రాయను. ఒకరి సంగతి ఇంకొకరి వాకిట్లో వేసిన మనిషి కాదు ఆమె. ఒక్కసారి వేసింది, అదీ నన్ను నమ్మి. ఆ ఒక్కసారి కథే ఇది.

పోలీసు యాక్షన్ అయిన ఏడాదిన్నరకు నేను ఆ కంపెనీ దవాఖానలో కంపౌండరుగా చేరాను. మాది మర్పల్లి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. తాండూరు స్టేషన్లో దిగి బండి కట్టించుకుని పోతే, ఊరికి అవతల ముళ్ళకంచె, దాని వెనక తెల్లటి బస్తీ ఒకటి కనిపించాయి. ఇళ్ళకు సున్నాలు వేసుకున్నారు, ఏదో పండగ కాబోలు అనుకున్నాను. అంత అమాయకుణ్ణి. అది దుమ్మని బండివాడు చెబితేగాని తెలియలేదు. ఒక పక్క రాతి గనులు, మధ్యలో బండల్ని నున్నగా అరగదీసే షెడ్డు, ఇంకో పక్క విరిగిన రాయిని కాల్చే సున్నపు బట్టీలు. గాలి ఎటు తిరిగినా ఏదో ఒకటి తెచ్చి ఇళ్ళ మీద పోసేది. తోడు పెట్టిన పెరుగులో దుమ్ము, చంటిపిల్లల కనురెప్పల మీద దుమ్ము. తొలకరి వాన పడితే చూరు నుంచి మజ్జిగలాంటి నీళ్ళు కారేవి. పాతికేళ్ళ వాడి జుట్టు చూస్తే మనవళ్ళున్నారేమో అనిపించేది.

కంచె ఎందుకు వేశారని అడిగితే, లోపల మందుగుండు గోదాము ఉంది కాబట్టి అన్నారు. గోదాముకు కంచె వేయాలంటే గోదాము చుట్టూ వేయాలి కదా? మనుషుల చుట్టూ వేశారు. లోపలికి రావాలంటే చీటీ, బయటికి పోవాలంటే పాసు. గని కూలీకి కూతురు పుట్టిందని బొంరాస్‌పేట నుంచి అత్తగారు వస్తే, మధ్యాహ్నం దాకా గేటు బయట ఎండలో కూర్చోబెట్టేవారు. లోపల ఎవరైనా పోతే, మోసే నలుగురికీ నాలుగు పాసులు, డప్పు కొట్టేవాడికి ఒకటి. గేటు దగ్గర పాడె దించి, దర్వాను సంతకాలు సరిచూసేదాకా ఆగేవారు. ఇది నేను కళ్ళారా చూశాను. చూసి, మందు సీసాలు కడుక్కోవడానికి వెళ్ళిపోయాను.

ఆ కాంపౌండులో రోజూ బయటికి పోయి రోజూ లోపలికి రాగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఎందుకంటే లోపలి నీళ్ళలో బట్టలు ఉతికితే అట్టకట్టేవి. అధికారుల చొక్కాలు తెల్లగా ఉండాలంటే ఆమె కాగ్నా దాకా పోవాల్సిందే. అందుకని ఆమెకు ఎప్పటికీ చెల్లే పాసు ఇచ్చారు. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా నానిపోయిన చేతులతో ఉండేది. ఇంట్లో ఎవరున్నారని ఒకసారి అడిగితే, "మొగడు పోయిండు, గాడిది మిగిలింది. ఇద్దరూ నా మాట ఇననోళ్ళే" అంది.

మనుషుల్ని ఆమె పేర్లతో పిలిచేది కాదు. బట్టలతో పిలిచేది. మేనేజరు "గంజి కాలర్లు". వారానికి రెండుసార్లు తాండూరు నుంచి వచ్చే డాక్టరు "ముడతల పట్లాం". నేను టించరు మరకల తెల్లకోటు వేసుకునేవాణ్ణి కాబట్టి వెనకాల "టించరు కోటు", ముందర "కంపౌండరు సారు". దర్వాను "బొత్తాల్లేని ఖాకీ". అతను రోజూ ఆమె మూటలు విప్పించి, మధ్యలో ఏమైనా దాచిందేమోనని కర్రతో కెలికేవాడు. ఆమె ఊరుకునేదా? "కెలుకు నాయనా, మంచిగ కెలుకు. అడుగుల మీ ఆడిదాని చీర ఉన్నది, దాన్ని గూడ నలుగురికి జూపెట్టు" అనేది. అతను కర్ర తీసేసేవాడు.

బట్ట చేతికి రాగానే ఆమె చేసే పని ఒకటి ఉంది. రెండుసార్లు గట్టిగా విదిలిస్తుంది. కాలరు తిప్పి చూస్తుంది. చంకలో వాసన చూస్తుంది. తర్వాత ఏమీ అనకుండా మూటలో వేస్తుంది. ఆ నిమిషంలో ఆ ఇంటి సంగతి సగం ఆమెకు తెలిసిపోయేది. ఎవరు తాగుతున్నారో, ఎవరు నెల తప్పారో, ఎవరు భయంతో రాత్రంతా చెమటతో తడుస్తున్నారో ఆమెకు ముందు తెలిసేది. అత్తగారు ఆమెకు నేర్పిన కట్టడి ఒక్కటే. మూటలో ఉన్నది మూటలోనే ఉండాలి. ఏమైనా సంగతులు లాగుదామని ఆడవాళ్ళు ముంత కల్లు పోసి అడిగినా, కల్లు తాగి మూతి తుడుచుకుని వెళ్ళిపోయేది.

చాకలి గుర్తు ఎలా పెడతారో ఇప్పటి పిల్లలకు తెలియదేమో. నల్లజీడి గింజను కాస్త కాల్చి, సూదిమొన గుచ్చితే నల్లటి రసం వస్తుంది. దానితో బట్ట అంచు మీద చుక్క పెట్టి, పైన తడిసున్నం అద్దుతారు. ఇక ఆ చుక్క బట్ట చిరిగేదాకా ఉంటుంది. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఆమెకు అక్షరం ముక్క రాదు, కానీ ఆ కాంపౌండులో ఉన్న ఇళ్ళన్నిటి గుర్తులూ కంఠతా వచ్చు.

చేరిన రెండో ఏడు, కట్లు కట్టేటప్పుడు కొందరి చొక్కాల కింది అంచులో ఇంటి గుర్తు కాక ఇంకొకటి కనిపించసాగింది. పొయ్యిరాళ్ళలాగా మూడు చుక్కలు. ఎర్రగళ్ళ తువాలు చుట్టుకునే ఒక కుర్రవాడి చొక్కాకు చూశాను. గనిలో రాయికి తూట్లు పొడిచే పని అతనిది. బొంరాస్‌పేట పక్క గొర్రెలు కాసే ఇంటివాడు. గొర్రెలన్నీ కరువులో పోతే, పెళ్ళాన్ని తీసుకుని ఇక్కడికి వచ్చాడు. తర్వాత బట్టీ మనిషి ఒకడికి చూశాను. తర్వాత అరగదీసే షెడ్డు వాళ్ళు ఇద్దరికి. ఒకరోజు ఆమె దవాఖానకు చేతి పగుళ్ళకు మందు కోసం వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఏమో సారు, ముసల్దాన్ని, చెయ్యి వణికి రెండుసార్లు పడ్డదేమో" అంది. అబద్ధం ఎంత బాగా చెప్పిందో!

నెల తిరక్కుండానే తనంత తానే వచ్చింది. స్టూలు చూపిస్తే కూర్చోలేదు. తలుపు దగ్గరికి వేసింది.

"జర ఇను సారూ. గీ మాట నేను చెప్పొద్దు. గుర్తులు నేనే పెట్టిన. మూడు సుక్కలున్నోళ్ళు నెత్తురు ఊంచుతున్నరు. తువాళ్ళల్ల, తలగడ గుడ్డల్ల కనబడ్తది. గా బట్టలు పిల్లల బట్టలల్ల కలవొద్దని ఏరేసి, ఏరే బానల పొయ్యి మీద ఉబ్బపెడుతున్న. గందుకె గుర్తు."

"ఎంతమంది?"

"తొమ్మండుగురు." వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కరినీ చెప్పి, మళ్ళీ అంది. "ఎర్రగళ్ళ తువాలు పెండ్లాం పచ్చి బాలెంత. పొత్తిళ్ళల్ల పిల్ల. తల్లి కొంగుల, పిల్ల పొత్తిగుడ్డల, రెండింట్ల నెత్తురే కనబడ్డది, మొన్న. ఇగ నాతోని గాలేదు. ఇకారాబాదు గుట్ట మీద దవాఖాన ఉన్నదంట గద? గాడికి తోలిపియ్యి సారూ. నీ చేతిల పనే గద?"

నా చేతిలో పనే అనుకున్నాను నేను కూడా. ఆ గుట్ట మీది క్షయ దవాఖాన గురించి నాకు బాగా తెలుసు. చావు ఖాయం అనుకున్న వాళ్ళు అక్కడి గాలికి, మందుకు కోలుకుని ధారూర్ స్టేషన్లో రైలెక్కి ఇళ్ళకు పోవడం చూసినవాణ్ణి. అందుకే మర్నాడు డాక్టరు రాగానే సంబరంగా చెప్పేశాను. ఎవరెవరో మాత్రమే కాదు, ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పాను. మూడు చుక్కలు, చొక్కా కింది అంచు, లోపలి వైపు. పరీక్ష చేయకుండానే మనకు జాబితా దొరికింది సార్ అన్నాను. ఆ మాట అన్న నా నోటిని ఏం చేసినా పాపం లేదు.

డాక్టరు సంగతి ముందే తెలిసి కూడా చెప్పాను చూడండి, అదీ నా తెలివి. దవాఖాన రిజిస్టరులో దగ్గు అనే మాటే రాయనిచ్చేవాడు కాదు ఆయన. పడిశం అని రాయమనేవాడు. ఊపిరాడక వచ్చినా పడిశమే, నిలువునా ఎండిపోయి వచ్చినా పడిశమే. దుమ్ము వల్ల కాదా సార్ అని చేరిన కొత్తలో అడిగితే నవ్వాడు. "సున్నం ఎముకలకు బలం కదయ్యా. తాంబూలంలో వేసుకుని తినడం లేదూ?" అన్నాడు. చదువుకున్న మనిషి, తెల్లకోటు తొడుక్కున్న మనిషి అన్న మాట ఇది. ఇప్పటికీ ఎక్కడైనా తాంబూలం ఇస్తే నాకు ఆ నవ్వే గుర్తొస్తుంది, పళ్ళెం పక్కకు నెట్టేస్తాను.

"శభాష్" అన్నాడు డాక్టరు ఆ రోజు. నా భుజం తట్టి, మేనేజరు బంగళాకు నడిచాడు.

గేటు పక్కన ఒక చెక్క ఉండేది. దాని నిండా మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ. పొద్దున పనికి పోయేవాడు తన బిళ్ళ తీసుకుపోవాలి, సాయంత్రం తగిలించి పోవాలి. సోమవారం పొద్దున తొమ్మిది మేకులు ఉత్తగా ఉన్నాయి.

"నా బిళ్ళేది?" అన్నాడు ఎర్రగళ్ళ తువాలు.

దర్వాను కర్రతో అతని చొక్కా అంచు పైకెత్తి చూశాడు. "నీకు లేదు పో. పొద్దుగూకాల్లకు ఇల్లు ఖాళీ చెయ్యాల్నంట."

"నేనేం జేసిన?"

"నాకేం ఎరుక? గుర్తున్నోళ్ళకు లేదన్నరు."

తొమ్మిది మందీ అక్కడే నిలబడి చొక్కాలు పైకెత్తి చూసుకున్నారు. ఒకడి చొక్కా ఒకడు చూశాడు. నేను దవాఖాన కిటికీలోంచి అంతా చూస్తున్నాను. గుట్ట మీదికి పంపలేదు, ఒక మందుబిళ్ళ ఇవ్వలేదు, రోగం ఉందని ఒక్క ముక్క కాగితం మీద రాయలేదు. రోగం ఉందని రాస్తే అది ఎక్కడ వచ్చిందని ఎవరైనా అడుగుతారు కదా. ఏ తప్పూ లేని మనుషుల్ని వాళ్ళ చొక్కా అంచు చూసి గేటు బయటికి తోసేశారు. అంతకుముందు వాళ్ళ ఊపిరితిత్తులు వాడుకున్నారు, అది వేరే సంగతి.

వాళ్ళు నేరుగా రేవుకు పోయారు. తర్వాత నాకు తెలిసింది. ఒకడు ఆమె బానను తన్ని పగలగొట్టాడట. ఎర్రగళ్ళ తువాలు మాత్రం చొక్కా విప్పి చేతిలో పెట్టి, "అక్కా, గీ గుర్తు తీసెయ్యవా?" అన్నాడట. పాపం, గుర్తు పోతే బిళ్ళ తిరిగి వస్తుందనుకున్నాడు.

ఆమె తీయబోయింది. ఆ మధ్యాహ్నం నేను రేవుకు పోయేసరికి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఆ అంచును రుద్దుతోంది. నిమ్మకాయ రుద్దింది, కిరసనాయిలు పోసింది, చౌడు పెట్టి రాయికేసి రాసింది. గోళ్ళ చివర్లు పగిలి నెత్తురు వస్తోంది. తన చేతులతో పెట్టిన గుర్తు పోదని ఆమెకు కాక ఎవరికి తెలుసు? చివరికి కొడవలితో ఆ అంచు మేరకు కోసేసి, మడిచి, సూది తీసుకుని కుట్టింది. అలా తొమ్మిది చొక్కాలూ కుట్టింది. నేను గట్టు మీద నిలబడే ఉన్నాను. నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఎర్రగళ్ళ తువాలు బొంరాస్‌పేటలో ఆ వానాకాలం దాటలేదని విన్నాం. మిగతా వాళ్ళ గురించి చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదు. తొమ్మిది మేకులకూ వారంలోగా కొత్త బిళ్ళలు పడ్డాయి.

నాకు నిద్ర పట్టలేదు. ఏం చేశాననుకున్నారు? హైదరాబాదులో కూలీల బాగోగులు చూసే సర్కారు దఫ్తరుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఎడమ చేత్తో, అక్షరాలు వంకర్లు తిప్పి. దుమ్ము గురించి, మూడు చుక్కల గురించి, తొమ్మిది మేకుల గురించి అంతా రాసి, కింద సంతకం లేకుండా, వికారాబాదు స్టేషన్ డబ్బాలో వేసి వచ్చాను. అది చాలా సాహసం అని అప్పుడు అనుకున్నాను. తిరిగి వస్తూ రైల్లో మనసు తేలికపడింది కూడా.

ఆమె మళ్ళీ దవాఖానకు రావడానికి చాలా నెలలు పట్టింది. కొత్త బాన కొంది. రోగుల బట్టలు ఉడికించే నీళ్ళలో కలపడానికి నేను క్రిముల్ని చంపే కార్బాలిక్ నీళ్ళు సీసాలో పోసి ఇచ్చేవాణ్ణి. తీసుకునేది, మాట్లాడేది కాదు. మూడు చుక్కలు పెట్టడం మానేసిందని అనుకున్నాను. కొత్త చొక్కాల అంచులు నేను చూస్తూనే ఉన్నాను, ఎక్కడా కనిపించలేదు. ఏ బట్ట ఎవరిదో ఇప్పుడు తలలోనే పెట్టుకుంటోంది.

హైదరాబాదు నుంచి ఇన్స్పెక్టరు రానే వచ్చాడు. నడివయసు మనిషి, కళ్ళజోడు, మెత్తటి మాట. ఆయన వచ్చిన పొద్దున్నే ఆమె దవాఖాన వెనక తలుపు దగ్గర మూట దించింది. ముడి వదులు చేసి, ఒక పసుపు గౌను అంచు తిప్పి నాకు చూపించింది. తాజాగా పెట్టిన మూడు చుక్కలు.

"గంజి కాలర్ల బిడ్డది. తలగడ మీద చూసిన, మూడు దినాలాయె. గీ ఒక్కదానికి పెట్టిన, బంగ్లాల బట్టలు పెద్దోళ్ళయి చిన్నోళ్ళయి ఒక్క మూటల్నే వస్తయి, ఎక్కడ కలుస్తయోనని. మందు నీళ్ళు జర ఎక్కువ పొయ్యి సారూ" అంది.

మేనేజరుకు ఒక్కతే కూతురు. ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. బంగళా బట్టీలకు ఎదురుగా ఉండేది. మంచి ఇల్లు, పెద్ద కిటికీలు. దుమ్ముకు పెద్ద కిటికీ చిన్న కిటికీ అని ఉంటుందా?

నాకు సంతోషం వేసింది. ఆ మాట దాచను. ఒక చిన్నపిల్ల నెత్తురు కక్కుతోందని తెలిసి నాకు సంతోషం వేసింది. ఈ రోజు ఆ గౌను ఇన్స్పెక్టరు బల్ల మీద పడుతుంది, కంపెనీ మెడలు విరుగుతాయి, నేను నోరు విప్పే పనే ఉండదు అనుకున్నాను.

మధ్యాహ్నం ఆఫీసు వరండాలో విచారణ. ఇన్స్పెక్టరు ఒక కుర్చీలో, మేనేజరు ఒక కుర్చీలో, డాక్టరు ఒక కుర్చీలో కూర్చున్నారు. నేను రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. ఆమె మెట్ల కింద, మూట పక్కన పెట్టుకుని నిలబడింది.

ఇన్స్పెక్టరు రిజిస్టరు పేజీలు తిప్పాడు. పడిశం, పడిశం, పడిశం. కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

"ఇది మీరు రాసిందేనా?"

"అవును సార్."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

డాక్టరు పట్లాం ముడతలు సవరించుకుంటున్నాడు. మర్పల్లిలో మా నాయన నా జీతం మీద చెల్లెలి చదువు సాగిస్తున్నాడు. మెట్ల కింద మూట ఉండనే ఉంది కదా.

"చెప్పండి. భయపడకండి. ఉన్నది నిజమేనా?" ఇన్స్పెక్టరు మళ్ళీ అడిగాడు.

"నిజమే సార్" అన్నాను.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, చొక్కాల మీద ఏదో గుర్తు పెట్టావంటున్నారు. అది నెత్తురు కక్కేవాళ్ళకు పెట్టే గుర్తేనా?"

"ఔ దొరా."

మేనేజరు నవ్వాడు. "చాకలామె మాట మీద కంపెనీని నిలదీస్తారా? ఇక్కడ ఎవరికీ ఏ రోగమూ లేదు. ఈ రోజు ఈ కాంపౌండులో ఆ గుర్తున్న బట్ట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూపించమనండి. తప్పు మాదేనని ఇప్పుడే రాసిస్తాను."

"చూపించగలవా అమ్మా?" అన్నాడు ఇన్స్పెక్టరు.

ఆమె వంగి మూట ముడి మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడు బంగళా వైపు నుంచి ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. "నాన్నా, అన్నానికి రమ్మంటోంది అమ్మ" అని చెప్పి, అంతమంది మగవాళ్ళను చూసి సిగ్గుపడి, స్తంభం చాటుకు పోయింది. పరుగెత్తినందుకు ఆయాసపడుతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆమె ఆ పిల్లనే చూసింది. తర్వాత ముడి మీది చెయ్యి తీసేసింది.

"లేదు దొరా. ఉన్నయన్నీ గేటు దాటిపోయినయ్."

విచారణ ముగిసింది. ఇన్స్పెక్టరు భోజనానికి కూడా ఆగకుండా స్టేషనుకు పోయాడు. డాక్టరు నా దగ్గర రిజిస్టరు తీసుకుని మళ్ళీ భుజం తట్టాడు.

నేను పాసు కూడా అడక్కుండా గేటు దాటాను. కోటు వేసుకునే కాగ్నా దాకా పరుగులాంటి నడక. ఆమె అప్పటికే రేవులో ఉంది. ఆ పసుపు గౌనును విడిగా ఉడికించి, బండ మీద మెల్లగా, చేతులతోనే పిసుకుతోంది.

"నీకు బుద్ధున్నదా?" అని అరిచాను. మా ఊరి మాట అదంతటదే వచ్చేసింది. "చేతిల ఉన్నదాన్ని ఇడిసిపెడ్తివి! ఒక్కసారి మూట ఇప్పితే అయిపోవు! గా తొమ్మండుగురికి న్యాయం దొరుకుతుండె. ఇంక లోపలున్నోళ్ళు బతుకుతుండిరి. ఎవరిని కాపాడినవ్? గంజి కాలర్లనా?"

ఆమె గౌను పిండి, దులిపి, చెట్టు కొమ్మ మీద ఆరవేసింది.

"గా పిల్ల ఎదురుంగ నిలబడ్డది. దాని నెత్తురు బట్ట గంతమంది మొగోళ్ళ ముందల ఇప్పుదునా? అదేం జేసింది? రేపు దీన్ని తల్లి చేతిల పెడ్త. ఆడిదానికి ఆడిది జెప్పినట్టు జెప్త. కారున్నది వాళ్ళకు, గుట్టకు తోల్కపోతరు."

అలాగే జరిగింది. వారం తిరక్కుండా ఆ పిల్లను కంపెనీ కారులో వికారాబాదు గుట్టకు తీసుకుపోయారు. ఏడాదికి బుగ్గలు వచ్చి, రెండు జడలు వేసుకుని తిరిగివచ్చింది. రిజిస్టరులో ఆ పిల్ల పేరు లేదు. నేనే రాయలేదు.

కానీ ఆ మధ్యాహ్నం నాకు ఇవేవీ పట్టలేదు. కారు లేనోళ్ళ సంగతేందని మళ్ళీ అరిచాను. ఎర్రగళ్ళ తువాలు పెండ్లాం పొత్తిళ్ళల్ల పిల్లనేసుకోని పోయింది, దానికి ఏం జెప్తవ్ అన్నాను. నోటికి వచ్చినట్టు ఇంకా ఏవేవో అన్నాను. ఆమె అంతా వింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, మొదటిసారి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మూట నేను ఒక్కసారి ఇప్పిన సారూ. నీ ముందల. ఏమైందో నువ్వు చూసినవ్, నేను చూసిన. ఇగ ఇప్ప." కొమ్మ మీది గౌను వైపు చెయ్యి చూపించింది. "నాది గుడ్డ మీద సుక్క. చదువురానిదాన్ని, గంతే తెలుసు నాకు. నీ చేతిల పుస్తకముండె. గా కండ్లద్దాల సారు నన్ను అడగకముందు నిన్నే అడిగిండు గద?"

అడిగాడు. రెండుసార్లు అడిగాడు.